ప్లాస్టిక్ సంచి ప్రయాణం: కర్మాగారం నుండి నాలా వరకు

2005 జులై 26న ముంబయిలోని శాంతాక్రూజ్ వాతావరణ కేంద్రంలో ఒక్కరోజులో 944 మిల్లీమీటర్ల వర్షపాతం నమోదైంది. నగరపు వాననీటి కాలువలు గంటకు 25 మిల్లీమీటర్ల వానను తట్టుకొనే లెక్కతో ఎన్నడో నిర్మించినవి. ఆ మధ్యాహ్నం సముద్రానికి పోటు వచ్చిన వేళ కావడంతో కాలువల నీరు సముద్రంలోకి పోయే వీలు లేకపోయింది. విహార్, పొవాయి చెరువుల పొర్లునీటితో మొదలై మాహిం ఖాడీలో కలిసే మీఠీ నది ఒడ్లు దాటి కుర్లా, కలీనా ప్రాంతాలను ముంచెత్తింది. వందలాది ప్రాణాలు పోయాయి. బియ్యం డబ్బా నుండి బడి పుస్తకాల వరకు ఇంట్లో ఉన్నదంతా పోగొట్టుకొన్న కుటుంబాలకు లెక్కే లేదు.

ఆ విపత్తుకు కారణం ఒక్కటి కాదు. అసాధారణమైన వాన, పాతబడిన కాలువలు, ఇరుకైపోయిన నదీగర్భం, నీటిని పీల్చుకొనే మడ అడవుల క్షీణత అన్నీ కలిసి వచ్చాయి. వాటితోపాటు అందరి కంటికీ కనిపించిన కారణం మరొకటి ఉంది. నాలాల నోళ్లలో ప్లాస్టిక్ సంచులు పేరుకొని నీటికి అడ్డుకట్టలా నిలిచాయి. ఆ అనుభవం తర్వాత మహారాష్ట్ర ప్రభుత్వం 2006 నియమాల ద్వారా 50 మైక్రాన్లకన్న పలుచని సంచులను నిషేధించింది. 2018 మార్చి 23న సంచులతోపాటు పళ్లాలు, గ్లాసులు, చెంచాల వంటి వస్తువులకూ వర్తించే విస్తృత నిషేధం వచ్చింది. 2022 జులై 1 నుండి దేశమంతటా ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నింటిపై కేంద్రప్రభుత్వ నిషేధం అమలులోకి వచ్చింది.

ఇన్ని నిషేధాల తర్వాత కూడా ఏటా వానాకాలానికి ముందు నాలాల పూడిక తీసినప్పుడు బురదతోపాటు ప్లాస్టిక్ బయటపడుతూనే ఉంది. నిషేధించిన వస్తువు ఎందుకు అదృశ్యం కాలేదు? ఈ పాఠం ఆ ప్రశ్నకు సమాధానం వెదుకుతుంది. నాలాలో తేలిన సంచి ఒక దీర్ఘప్రయాణానికి చివరి మజిలీ మాత్రమే. చివరి మజిలీలో నిలబడి చేసే ప్రయత్నం అవసరమే కాని, అదొక్కటే చాలదు.

పదార్థం స్వభావం

ముడిచమురు, సహజవాయువుల నుండి లభించే చిన్న అణువులను గొలుసులుగా కూర్చితే పాలిమర్లు అనే దీర్ఘమైన అణువులు ఏర్పడతాయి. వాటికి రంగులు, మెత్తదనాన్నీ గట్టితనాన్నీ ఇచ్చే రసాయనాలు చేర్చగా ప్లాస్టిక్ తయారవుతుంది. 1907లో లియో బేక్‌లాండ్ కనుగొన్న బేకలైట్ పూర్తిగా కృత్రిమమైన తొలి ప్లాస్టిక్. నేటి సంచులకు ఆధారమైన పాలిథీన్ 1933లో ఇంగ్లండులోని ఒక ప్రయోగశాలలో దాదాపు యాదృచ్ఛికంగా బయటపడింది.

ఈ పదార్థం మానవజాతికి మేలు చేయలేదని చెప్పడం సత్యం కాదు. సెలైన్ సీసాలు, సిరంజీలు, విద్యుత్ తీగల తొడుగులు, నీటి గొట్టాలు లేని నగరజీవితం నేడు ఊహకందదు. తేలికదనం, చౌకదనం, నీటికి నానకపోవడం, చిరకాలం చెడకపోవడం దాని సుగుణాలు. కాని పది నిమిషాల అవసరానికి వందల ఏండ్లు మన్నే పదార్థాన్ని వాడినప్పుడు అవే గుణాలు దోషాలుగా మారతాయి.

పల్లెల నుండి నగరానికి వచ్చిన కుటుంబాలకు ఈ తేడా సులభంగా బోధపడుతుంది. విస్తరాకులు, మట్టి ముంతలు, కూరగాయల తొక్కులు ఊరి పెంటకుప్పలో పడి, ఒకటి రెండు వానలకు మురిగి, చివరకు చేనికి ఎరువయ్యేవి. అందుచేత పారవేయడం అక్కడ తప్పు కాలేదు. నేల తనకు ఇచ్చినదాన్ని తిరిగి తీసుకొనేది. పారవేసే అలవాటు పాతది. పారవేసే వస్తువు కొత్తది. ఆకుల్ని, కాగితాన్ని జీర్ణం చేసుకొనే సూక్ష్మజీవులు సాధారణ పరిస్థితుల్లో పాలిథీన్‌ను అలా జీర్ణం చేసుకోలేవు. ఎండకు అది పెళుసుబారి ముక్కలవుతుంది. ఆ ముక్కలు ఇంకా చిన్న ముక్కలవుతాయి. అయిదు మిల్లీమీటర్లకన్న చిన్నవైన వాటిని సూక్ష్మ ప్లాస్టిక్ అంటారు. సముద్రజలంలోను, ఉప్పులోను, చేపలలోను, మానవుని రక్తంలోను ఇవి ఉన్నట్లు పరిశోధకులు గుర్తించారు.

లోకం మొత్తం లెక్క

1950లో ప్రపంచమంతటా తయారైన ప్లాస్టిక్ సుమారు 20 లక్షల టన్నులు. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచం వాడిన ప్లాస్టిక్ 46 కోట్ల టన్నులు. భూమిపై ఉన్న ప్రతి మనిషికీ పంచితే ఏడాదికి తలకు 60 కిలోల వరకు వస్తుంది. అదే ఏడాది వ్యర్థంగా మారిన ప్లాస్టిక్ 35 కోట్ల టన్నులకు పైబడింది. అందులో తిరిగి ఉపయోగంలోకి వచ్చినది సుమారు 9 శాతం. దాదాపు సగం చెత్త పూడ్చే స్థలాలకు చేరింది. 19 శాతాన్ని భస్మం చేశారు. మిగిలిన 22 శాతం అదుపు లేని గుట్టలలో పడింది, బహిరంగంగా కాలింది, లేదా నేలలోకి, నీటిలోకి చేరింది.

2017లో ప్రచురితమైన మరొక అంచనా ఇంకా విశాలమైన చిత్రాన్ని చూపింది. అప్పటికి మానవులు తయారుచేసిన ప్లాస్టిక్ మొత్తం 830 కోట్ల టన్నులు. వ్యర్థంగా మారిన దానిలో అయిదింట నాలుగు వంతులు పూడ్చిన చోటనో, ప్రకృతిలోనో ఇంకా మిగిలే ఉన్నాయి.

విలువ ఉన్నది, లేనిది

ముంబయి ఇంట వాడి పారవేసిన నీటి సీసా ఏమవుతుందో పరిశీలిస్తే ఈ 9 శాతం రహస్యం బోధపడుతుంది. చెత్త ఏరే కార్మికురాలు దానిని గుర్తించి గోతంలో వేసుకొంటుంది. కబాడీ దుకాణం దానిని తూకానికి కొంటుంది. అక్కడి నుండి అది ధారావిలోని 13వ కాంపౌండ్ వంటి చోట్లకు చేరుతుంది. అక్కడ ప్లాస్టిక్‌ను రంగును బట్టి, రకాన్ని బట్టి వేరుచేస్తారు, ముక్కలు చేస్తారు, కడిగి ఎండబెడతారు, కరిగించి గుళికలుగా మారుస్తారు. ఆ గుళికలతో మరో వస్తువు తయారవుతుంది. ఈ గొలుసులోని ప్రతి మనిషికీ కొంత కూలి దొరుకుతుంది కాబట్టి సీసా ముందుకు కదులుతుంది.

అదే ఇంటి నుండి వచ్చిన చిప్స్ పొట్లం సంగతి వేరు. పైకి ఒక్క పొరగా కనిపించినా అందులో రెండు మూడు రకాల ప్లాస్టిక్ పొరలు, వాటి నడుమ పలుచని అల్యూమినియం పూత ఉంటాయి. వీటిని విడదీయడం కష్టం, ఖర్చు ఎక్కువ. షాంపూ పొట్లాలు, గుట్కా పొట్లాలు ఎక్కువగా ఈ కోవకే చెందుతాయి. పలుచని సంచిది మరొక ఇబ్బంది. దానిని కరిగించవచ్చు, కాని ఒక కిలో కావాలంటే వందల సంచులు ఏరాలి. మురికి అంటిన సంచికి ధర ఇంకా పడిపోతుంది. ఏరినందుకు కూలి గిట్టని వస్తువును ఎవరూ ఏరరు. అది వీధిలో ఉండిపోతుంది. తొలి వానకు నాలాలోకి, అక్కడి నుండి ఖాడీలోకి, పిదప సముద్రంలోకి పోతుంది. పెద్ద పోటు వచ్చిన రోజున సముద్రం దానిని మళ్లీ ఒడ్డుకు తెచ్చి పడవేస్తుంది.

సంచుల మందానికి కనీస పరిమితి ఎందుకు పెట్టారో దీనివలన తెలుస్తుంది. మిల్లీమీటరులో వెయ్యవ వంతు ఒక మైక్రాన్. దేశంలో సంచుల కనీస మందాన్ని 2021 సెప్టెంబరు 30 నుండి 75 మైక్రాన్లకు, 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రాన్లకు పెంచారు. మందమైన సంచికి ఖర్చు ఎక్కువ కావడం వలన దుకాణదారు దానిని ఉచితంగా ఇవ్వడానికి వెనుకాడతాడు. బరువు ఎక్కువ కావడం వలన ఏరేవారికి గిట్టుబాటు అవుతుంది. కొనుగోలుదారు దానిని మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. అయితే, మహారాష్ట్రలో చేతి సంచులపై 2018 నుండి రాష్ట్ర నిషేధం ఉన్నది కనుక, సంచి మందంగా ఉన్నంత మాత్రాన ఇక్కడ అది అనుమతి పొందినట్లు కాదని నగరవాసులు గుర్తుంచుకోవలెను.

విధానాలు మూడు మజిలీలలో

ప్లాస్టిక్ ప్రయాణంలో ప్రభుత్వాలు జోక్యం చేసుకోగల మజిలీలు మూడు: వాడకం, తిరిగి సేకరణ, ఉత్పత్తి.

మొదటిది వాడకం. ఇక్కడ నిషేధం, పన్ను అనే రెండు సాధనాలు ఉన్నాయి. 1988, 1998 వరదలలో మురుగుకాలువలు మూసుకుపోయిన అనుభవంతో బంగ్లాదేశ్ 2002లో పలుచని సంచులను నిషేధించింది. ఒక దేశం ఇలా చేయడం ప్రపంచంలో అదే మొదటిసారి. అయినా తయారీని, అమలును నిరంతరం గమనించే ఏర్పాటు బలహీనపడగా సంచులు మళ్లీ అంగళ్లకు వచ్చాయి. కెన్యా 2017 ఆగస్టు 28 నుండి సంచుల తయారీని, అమ్మకాన్ని, వాడకాన్ని నాలుగేండ్ల వరకు జైలుశిక్ష విధించగల నేరంగా చేసింది. సంచులు బాగా తగ్గాయి. కాని పొరుగు దేశాల నుండి దొంగచాటు రవాణా సాగింది. ఐర్లండ్ వేరొక మార్గం ఎంచుకొన్నది. 2002లో సంచికి 15 సెంట్ల పన్ను విధించగా వాడకం సుమారు 90 శాతం పడిపోయింది. తర్వాత అది కొద్దిగా పెరగడంతో 2007లో పన్నును 22 సెంట్లు చేశారు. ఏ సాధనమైనా ఒకనాడు ప్రకటించి ఊరుకొంటే పని చేయదనీ, ఏటేటా సరిచూడవలెననీ ఈ మూడు అనుభవాలు తెలుపుతున్నాయి.

రెండవది తిరిగి సేకరణ. జర్మనీలో 2003 నుండి పానీయాల సీసాలపై డిపాజిట్ పద్ధతి ఉన్నది. కొనేటప్పుడు అదనంగా 25 సెంట్లు చెల్లించి, ఖాళీ సీసా ఇచ్చినప్పుడు ఆ సొమ్ము తిరిగి పొందుతారు. ఈ పద్ధతి మనదేశానికి కొత్తది కాదు. సోడా సీసా, పాల సీసా ఖాళీది ఇచ్చి నిండుది తెచ్చుకొన్న తరం ఇంకా ఉన్నది. తమిళనాడులోని నీలగిరి జిల్లాలో 2022లో మద్యం సీసాలపై 10 రూపాయల డిపాజిట్ మొదలుపెట్టారు. అవి గాజు సీసాలే అయినా సూత్రం ఒకటే: ఖాళీ వస్తువుకు ధర ఉంటే అది అడవిలోను, కాలువలోను పడి ఉండదు. మహారాష్ట్ర 2018 నిషేధపు ఉత్తర్వులో పాల సంచికి 50 పైసల డిపాజిట్ ప్రస్తావన ఉన్నది. కాని ఆ ఆలోచన విస్తృతంగా ఆచరణలోకి రాలేదు.

ఈ మజిలీలోనే ‘ఉత్పత్తిదారుని విస్తృత బాధ్యత’ అనే సూత్రం వస్తుంది. సరుకును ప్లాస్టిక్‌లో చుట్టి అమ్మి లాభం పొందిన సంస్థయే ఆ చుట్టు వ్యర్థమైన తర్వాత దాని సేకరణకు, శుద్ధికి ఖర్చు భరించవలెనన్నది దీని సారాంశం. ఈ బాధ్యత భారతదేశంలో 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నియమాలలో ఉన్నది. 2022 ఫిబ్రవరిలో వెలువడిన మార్గదర్శకాలు దానికి లెక్కలు, గడువులు చేర్చాయి. గట్టి ప్లాస్టిక్, మెత్తని ప్లాస్టిక్, పలు పొరల ప్లాస్టిక్, ఎరువుగా మారే ప్లాస్టిక్ అని ప్యాకింగును నాలుగు తరగతులుగా విభజించి, ఏ తరగతికి ఎంత బాధ్యతో నిర్ణయించాయి. లెక్కలు కాగితంమీద సరిపోవడం వేరు, నాలా పక్కన పొట్లం లేకపోవడం వేరు. ఈ రెండింటి మధ్య దూరాన్ని తగ్గించేది తనిఖీ మాత్రమే.

మూడవది ఉత్పత్తి. ఇది అన్నింటికన్న కష్టమైన మజిలీ. 2022 మార్చి 2న నైరోబీలో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభలో 175 దేశాల ప్రతినిధులు ప్లాస్టిక్ కాలుష్యాన్ని అంతం చేసే, చట్టబద్ధమైన అంతర్జాతీయ ఒప్పందం రూపొందించడానికి అంగీకరించారు. పునరుత్పాదన, వాడకాలతో ఆగక, ప్లాస్టిక్ పుట్టుక నుండి అంతం వరకు మొత్తం జీవితచక్రాన్ని ఆ ఒప్పందం పరిశీలించవలెనన్నది తీర్మానం. అటుపిమ్మట ఉరుగ్వే, పారిస్, నైరోబీ, ఒటావా, బుసాన్‌ల మీదుగా చర్చలు సాగాయి. 2025 ఆగస్టులో జెనీవా సమావేశం కూడా ఒప్పందం లేకుండానే ముగిసింది.

ప్రతిష్టంభనకు ముఖ్యకారణం ఒక్కటే. కొత్త ప్లాస్టిక్ ఉత్పత్తికి పరిమితి లేనిదే కాలుష్యం ఆగదని వందకు పైగా దేశాలు వాదించాయి. చమురు ఉత్పత్తి చేసే దేశాలు, మరికొన్ని ఈ పరిమితిని వ్యతిరేకించి, వ్యర్థాల నిర్వహణ మీదనే ఒప్పందం ఉండాలన్నాయి. ఉత్పత్తి పరిమితి అభివృద్ధి హక్కుకు ఆటంకమన్నది భారతదేశం వాదన. పేదదేశపు ఆసుపత్రికి, రైతుకు చౌకైన ప్లాస్టిక్ అవసరమన్న మాటలో నిజమున్నది. కుళాయి కట్టకుండా నేల తుడవడం ఎంతకాలమన్న ప్రశ్నలోనూ నిజమున్నది. అవసరమైన వాడకాన్ని, అనవసరమైన వాడకాన్ని వేరుచేసి చూడగల ఒప్పందమే ఈ రెండు సత్యాలకూ చోటు ఇవ్వగలదు.

భారం ఎవరిమీద?

విధానాలను తూచడానికి మరో కొలత ఉన్నది. 2018 నిషేధం ప్రకారం తొలి ఉల్లంఘనకు 5,000 రూపాయలు, రెండవదానికి 10,000, మూడవదానికి 25,000 రూపాయల జరిమానాతోపాటు మూడు నెలల జైలుశిక్ష ఉండవచ్చు. తోపుడుబండిమీద కొత్తిమీర అమ్మే కుటుంబానికి తొలి జరిమానాయే ఎన్నో రోజుల సంపాదన. నిషిద్ధమైన సంచిని తయారుచేసిన కర్మాగారం మూతపడకుండా, దానిని చేతికిచ్చిన బండి మాత్రమే పట్టుబడితే చట్టం సగమే అమలైనట్లు. 2022 జాబితాలో పుల్లలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు ఉన్నాయి. పలు పొరల చిప్స్ పొట్లాలు లేవు. చిన్న అంగడి తక్షణమే మారవలసి వచ్చింది. పెద్ద పరిశ్రమకు క్రమంగా మారే గడువు లభించింది. ఈ వ్యత్యాసాన్ని గమనించడం నిషేధాన్ని ధిక్కరించడం కాదు. దానిని పూర్తిగా అమలు చేయమని కోరడమే.

చెత్త ఏరే కార్మికుల సంగతీ అటువంటిదే. నగరానికి వారు చేసే సేవకు జీతం లేదు. దొరికిన వస్తువు ధరయే వారి కూలి. 2016 ఘనవ్యర్థాల నిర్వహణ నియమాలు వారిని గుర్తించి, స్థానిక సంస్థల వ్యవస్థలో చేర్చుకోవలెనని చెప్పాయి. గుర్తింపు కార్డు, చేతి తొడుగులు, ఎండావానల నుండి కాపు ఉన్న వేరుచేసే స్థలం వారికి సమకూరితే, పోగయ్యే ప్లాస్టిక్ పరిమాణం తానై పెరుగుతుంది.

ఇంటి గడప దగ్గర

విధానాలు రాజధానులలో నిర్ణయమైనా, వాటి ఫలితం ఇంటి చెత్తబుట్ట దగ్గర తేలుతుంది. తడి చెత్తను, పొడి చెత్తను వేరుగా ఉంచితే ప్లాస్టిక్‌కు మురికి అంటదు. అమ్ముడుపోయే ధర నిలుస్తుంది. ఘంటాగాడీ వచ్చినప్పుడు మరాఠీలో వినిపించే ‘ఓలా, సుకా’ అన్న మాటలకు అర్థం ఇదే.

పాల సంచి మూలను పూర్తిగా తెంచకుండా, ముక్క సంచికే అంటి ఉండేలా కత్తిరించవలెను. విడిపోయిన ఆ చిన్న ముక్కను ఎవరూ ఏరలేరు. సంచిని కడిగి ఆరబెట్టి పోగుచేస్తే కబాడీ దుకాణంలో దానికి ధర ఉన్నది.

సీసాల అడుగున త్రికోణంలో ఉండే అంకె ప్లాస్టిక్ రకాన్ని తెలుపుతుంది. 1 అంకె గల నీటి సీసాలు, 2 గల గట్టి డబ్బాలు, 5 గల ఆహారపు డబ్బాలు తేలికగా అమ్ముడుపోతాయి. 7 అంకె అంటే ఇతర రకాలు, మిశ్రమాలు అని అర్థం. వాటికి గిరాకీ తక్కువ.

ప్లాస్టిక్‌ను కాల్చరాదు. గొట్టాలలోను, కొన్ని పలకలలోను ఉండే పీవీసీ కాలినప్పుడు ఆమ్లవాయువు, డయాక్సిన్ల వంటి విషాలు వెలువడతాయి. చలిమంటలో వేసిన ప్లాస్టిక్ పొగను ముందుగా పీల్చేది ఆ మంట చుట్టూ కూర్చున్న పిల్లలే.

గుడ్డసంచి చేతపట్టి బయలుదేరడం చిన్న పనే. కాని సంచి తెచ్చుకొన్న కొనుగోలుదారు ఎదుట బండి నడిపే వ్యక్తికి జరిమానా భయం ఉండదు. వార్డు సభలలో అడగవలసిన ప్రశ్నలూ ఉన్నాయి: ఈ వార్డులో పొడి చెత్త ఎక్కడికి పోతున్నది? పలు పొరల పొట్లాలను సంస్థలు తిరిగి తీసుకొనే ఏర్పాటు ఉన్నదా? నాలా పూడిక తీసిన తర్వాత ఆ పూడికను ఎప్పటిలోగా తొలగిస్తున్నారు? ఒడ్డున వదిలిన పూడిక తొలి వానకే మళ్లీ నాలాలో పడుతుంది కనుక ఈ చివరి ప్రశ్న అత్యవసరమైనది.

నాలా పక్కన నివసించే కుటుంబానికి ఈ విషయాలేవీ దూరపు చర్చలు కావు. జెనీవాలో కుదరని ఒప్పందం, కర్మాగారంలో జరగని తనిఖీ, ఇంటిలో వేరుచేయని చెత్త — మూడూ వాన రాత్రి ఒకే గుమ్మంలోకి నీరై వస్తాయి. అందుచేత మూడు మజిలీలలోనూ పని జరగవలెను. అందులో ఒక మజిలీ పౌరుని చేతిలో ఉన్నది. మిగిలిన రెండింటిని గురించి అడిగే హక్కు కూడా అతని చేతిలోనే ఉన్నది.

ఆలోచనకు ప్రశ్నలు

1. నీటి సీసా తిరిగి ఉపయోగంలోకి రావడానికి, చిప్స్ పొట్లం రాకపోవడానికి గల కారణమేమి?

2. సంచి మందాన్ని పెంచడం వలన దుకాణదారు, చెత్త ఏరే కార్మికుడు, కొనుగోలుదారు ముగ్గురి ప్రవర్తన ఎలా మారగలదు?

3. నిషేధం, పన్ను, డిపాజిట్ అనే మూడు పద్ధతులలో ఏ వస్తువుకు ఏది తగినదో ఉదాహరణలతో చర్చించండి.

4. ఒక వారం పాటు ఇంట్లో పోగైన ప్లాస్టిక్‌ను కబాడీ దుకాణం కొనేది, కొననిది అని రెండు కుప్పలుగా వేరుచేసి పరిశీలించండి. కొనని కుప్పలోని వస్తువులకు ఇంట్లో వాడదగిన ప్రత్యామ్నాయాలు ఏవి?